గృహాలంకరణము: చిన్న యింటికి తగిన తీరు

గత మాసమున వానకాలములో పప్పుధాన్యములకు పురుగు పట్టకుండ నిలువచేసికొను విధమును గూర్చి ముచ్చటించితిమి. ఈ మాసమున మీలో ననేకులు మమ్ము తఱచుగా అడుగుచున్న వేఱొక విషయమును గైకొనుచున్నాము. పల్లెలోని విశాలమైన యింటిని విడిచి పట్టణమున రెండు పడకగదుల ఫ్లాటులో కాపురముండవలసి వచ్చినవారు ఆ యింటిని ఏ తీరున అలంకరించుకొనవలెను? ఇంటీరియరు పనివారు చూపు చిత్రములలో స్కాండినేవియన్ తీరు, ఇండస్ట్రియల్ తీరు, రాయల్ తీరు, మినిమల్ తీరు అని రకరకములు గలవు. వీనిలో మన కరీంనగరమునకు, ఆదిలాబాదునకు ఒప్పునదేది?

ఈ ప్రశ్న పైకి చూచుటకు అందచందములకు మాత్రమే సంబంధించినదిగా తోచును. కాని సొమ్మునకును, ఆరోగ్యమునకును, ఇంటిలోని పెద్దల మర్యాదకును దీనితో ఎంత సంబంధము గలదో ఒక యింటి వృత్తాంతమును చెప్పిన మీకే తెలియగలదు.

కొంతకాలము క్రిందట మేము కరీంనగరములో ఒక పరిచితురాలి యింటికి పోయితిమి. ఆ దంపతులు బ్యాంకు ఋణముతో సుమారు 900 చదరపు అడుగుల ఫ్లాటును కొని, దానిని తీర్చిదిద్దుటకు మఱల అప్పుచేసిరి. ముందుగదిలో రెండు గోడల వెంబడి వంగిన పెద్ద సోఫా, దాని ముందు అద్దపు బల్ల, ఎదుటి గోడనిండ టీవీ నిమిత్తము చేయించిన చెక్కపని, నెత్తిమీద దీపముల వరుసలతో ఫాల్స్ సీలింగు. గది అచ్చముగా పుస్తకములోని బొమ్మవలెనే యున్నది. ఆ సోదరి అత్తగారు మాత్రము ఆ గదిలో కానరాలేదు. జగిత్యాల చెంతనున్న పల్లెనుండి వచ్చిన యా వృద్ధురాలు బాల్కనీ కడపమీద కూర్చుండి చిక్కుడుకాయలకు ఈనెలు తీయుచున్నది. లోపలికి రమ్మని మేము పిలువగా ఆమె నవ్వి, "బిడ్డా, గీ సోఫా మీద కూసుంటే సుట్టాలింట్ల కూసున్నట్టే ఉంటది" అన్నది.

కోడలి మొగము చిన్నబోయినది. ఆమె అత్తగారిని తల్లివలె చూచుకొను ఇల్లాలు. ఆ సోఫాను గూడ పెద్దావిడ సుఖముగా కూర్చుండుటకనియే కొన్నది. అయినను జీవితమంతయు నేలమీద కూర్చుండి పనిపాటలు చేసికొన్న మనిషికి ఆ గదిలో నేల మిగులలేదు. సద్దుల బతుకమ్మనాడు గునుగు, తంగేడు పూలను ముందుంచుకొని పేర్చుటకు ఇంట చోటు చాలక, క్రింద కార్లు నిలుపుచోట కూర్చుండి బతుకమ్మను పేర్చితిమని ఆ సోదరియే మాతో చెప్పినది. చేసిన యప్పు తీఱుటకు ఇంకను ఏండ్లు పట్టును. ఇల్లు మాత్రము అప్పుడే ఇంటివారికి చాలకున్నది.

ఆనాడు మాకు తోచిన మాటనే ఇప్పుడు మీ ముందుంచుచున్నాము. చిన్న యింటికి మొదటి యలంకారము ఖాళీగా నున్న నేల. ఏ తీరు నేలను మిగిల్చునో అది మనకు తగిన తీరు. ఏది నేలను మ్రింగునో అది యెంత సొగసైనదైనను తగనిది.

ఏ తీరు ఎందుకు పుట్టినది?

ప్రతి తీరును ఒక దేశముయొక్క యెండవానలనుబట్టియు, అచ్చటి యిండ్లనుబట్టియు పుట్టినదని మఱవరాదు. స్వీడను, నార్వే మొదలగు దేశములలో చలికాలమున సూర్యుడు కొలది గంటలు మాత్రమే కనబడును. కావున వచ్చిన కొంచెపు వెలుతురునైనను గదియంతట పఱచుటకై వారు తెల్లని గోడలను, లేతరంగు కఱ్ఱను, తెఱలు లేని పెద్ద గాజు కిటికీలను కోరుకొనిరి. అదియే స్కాండినేవియన్ తీరు. రామగుండములోను, ఆదిలాబాదులోను వేసవిని ఎండ 45 డిగ్రీలకు మించు దినములు గలవు. మనము వెలుతురును వెదకికొననక్కఱలేదు, దానిని వడకట్టుకొనవలెను. ఆ తీరునుండి తెల్లని గోడను గ్రహింపవచ్చును. పడమటి వైపున తెఱలేని గాజును గ్రహింపరాదు.

ఇండస్ట్రియల్ తీరు వేఱొక విధముగా పుట్టినది. న్యూయార్కు నగరమున కర్మాగారములును గిడ్డంగులును ఖాళీపడగా, 1960 తరువాతి సంవత్సరములలో చిత్రకారులు తక్కువ అద్దెకు వానిలో కాపురము పెట్టిరి. పూత లేని యిటుకగోడలు, పైకి కనబడు ఇనుప గొట్టములు, నల్లని లోహపు సామగ్రి వారికి ఆ భవనములతో వచ్చినవి. ఆ గదుల యెత్తు మన ఫ్లాటుల యెత్తుకంటె చాల హెచ్చు. తొమ్మిది, పది అడుగుల గదిలో నల్లని గోడలను, ఇనుప సామానును నింపిన గది బొగ్గుగనివలె నుండును. గోదావరిఖని సోదరీమణులకు ఈ మాట వేఱుగ చెప్పనక్కఱలేదు.

రాయల్ తీరు పెద్ద హాళ్లు, పెక్కుమంది పనివారు గల దివాణములనుండి వచ్చినది. చెక్కడపు పనిలో చేరిన దుమ్మును ప్రతిదినము తుడుచు పని మన చేతులమీదనే పడును. ఇక మినిమల్ తీరు పేరునకు నిరాడంబరమైనదే గాని, సామానంతయు కనబడకుండ దాచుటకు గోడ పొడవున బీరువాలు చేయించినచో అన్నిటికంటె ఖరీదైనది కావచ్చును.

మన భవంతియే మన పాఠము

అయినచో మన తీరేది? మన పాత భవంతిని ఒకసారి స్మరింపుడు. నడుమ ఆకాశము కనబడు వాకిలి, దాని చుట్టును కఱ్ఱకంబములపై నిలిచిన గూనపెంకుల పంచ, లోపల చిన్నచిన్న అర్రలు, మందపు గోడలలో గూళ్ళు. అంత యింటిలోను కదలని సామాను చాల తక్కువ. నులకమంచము పగలు గోడకు నిలబడెడిది, చాప చుట్టబడెడిది, పీట వంటయింటినుండి పంచలోనికిని, పంచనుండి వాకిటిలోనికిని నడిచెడిది. ఉదయము మిరపకాయలు తొడిమలు తీసిన చోటనే మధ్యాహ్నము భోజనములు, సాయంకాలము పిల్లల చదువులు, రాత్రి పడకలు. ఒక్క చోటు నాలుగు గదుల పని చేసెడిది. ఆ యిల్లు పెద్దదగుటచేత మాత్రమే విశాలముగా నుండెననుట పొరపాటు. వస్తువులు తమ పని ముగియగానే ప్రక్కకు తొలగుటచేత గూడ విశాలముగా నుండెను.

జపానువారు ఈ సూత్రమును శాస్త్రముగనే చేసికొనిరి. వారి సంప్రదాయపు గదులను చాపల లెక్కన కొలుతురు. ఒక్కొక్క తాతామి చాప సుమారు మూడడుగుల వెడల్పు, ఆఱడుగుల పొడవు ఉండును. ఆఱు చాపల గది యనగా ఇంచుమించుగా నూఱు చదరపు అడుగులు. మన ఫ్లాటులోని చిన్న పడకగది యంత. రాత్రి పఱచిన పడకను ఉదయము మడిచి గోడలోని అరలో పెట్టుదురు. అంతట పడకగది కూర్చుండు గదియగును. మన అవ్వలు చేసినదియు నిదియే.

చేయవలసిన పని

కొత్త యింటిలో చేరగానే పనివారిని పిలువకుడు. పాత సామానుతోనే రెండు మూడు నెలలు కాపురముండి, ఎవరు ఎచ్చట కూర్చుండుచున్నారో, ఏ గోడకు ఏవేళ ఎండ తగులుచున్నదో గమనింపుడు. ఏదైన పెద్ద వస్తువును కొనదలచినచో దాని పొడవు వెడల్పులకు సరిగా పాత వార్తాపత్రికలను అతికించి, ఆ కాగితమును నేలపై పఱచి వారము దినములు దాని చుట్టును నడువుడు. నీళ్లబిందెతో పోవునప్పుడు, పిల్ల పరుగెత్తునప్పుడు, నలుగురు చుట్టములు వచ్చినప్పుడు ఆ కాగితము ఎన్నిమార్లు కాలికి తగిలినదో చూడుడు. ఖర్చులేని యీ పరీక్ష వేలకొలది రూపాయలను మిగుల్చును.

ముందుగదిలో నడుమ ఆఱడుగుల పొడవు, ఆఱడుగుల వెడల్పు గల నేలను ఎల్లప్పుడు ఖాళీగా విడువుడు. ముగ్గురు స్త్రీలు పూలరాశి చుట్టును కూర్చుండి బతుకమ్మను పేర్చుటకు ఆ మాత్రము చాలును. పండుగనాడు దానికి చాలిన చోటు తక్కిన దినములలో పసిబిడ్డ ప్రాకుటకును, పెద్దలు కాళ్లు చాపుకొనుటకును చాలును. ఆదిలాబాదులో చలికాలమున వేడి 5 డిగ్రీల దాకా దిగు రాత్రులు గలవు. బండలు చల్లబడును గావున అచ్చటివారు నూలు శత్రంజి పఱచుకొనవలెను. వేసవిని దానిని చుట్టి మంచము క్రింద పెట్టవచ్చును. సోఫాకు బదులు రెండు కుర్చీలు, ఒక తక్కువ యెత్తు దివాను చాలును. దివాను పగలు కూర్చుండుటకు, రాత్రి చుట్టమునకు పడక, దాని లోపలి పెట్టె దుప్పట్లకు బీరువా. అయితే మోకాళ్ల నొప్పులు గల పెద్దలకు లేచుటకు అనువుగా చేతులు గల గట్టి కుర్చీ యొకటి తప్పక యుండవలెను. నేలను మిగుల్చుడని మేము చెప్పుట అందఱిని నేలపై కూర్చుండబెట్టుటకు గాదు. ఎవరికి కావలసిన చోటు వారికి దొరకుటకే.

పైకప్పును కిందికి దింపకుడు. ఫాల్స్ సీలింగు వలన అసలే తక్కువైన యెత్తు ఇంకను తగ్గును. పంకా రెక్కలు నేలనుండి ఏడడుగులకు పైన నుండవలెను. గది యెత్తు తగ్గినకొలది పంకాయు క్రిందికి దిగును. పై అంతస్తువారికి వేడి పైకప్పునుండియే వచ్చును. మిద్దెపై తెల్లని పూత వేసినచో ఎండ చాలవఱకు వెనుకకు మఱలిపోవును. 2023లో తెలంగాణ ప్రభుత్వము ప్రకటించిన కూల్ రూఫ్ విధానమునకు మూలము ఇదియే. పై అలంకారమునకు పెట్టదలచిన సొమ్ములో కొంత ఇరుగుపొరుగు వారితో కలిసి మిద్దె పూతకు పెట్టిన యెడల ఇల్లు చల్లబడును. పడమటి కిటికీకి ముతక నూలు తెఱయు, వేసవిని వట్టివేళ్ల తడికయు చాలును.

గోడలను గూర్చి యొక హెచ్చరిక. పాత యింటి మందపు గోడలో గూడు పెట్టినట్లు ఫ్లాటు గోడను తొలచరాదు. ముఖ్యముగా స్తంభములను, దూలములను పనివారెవరు చెప్పినను ముట్టనీయకుడు. మీ యింటి స్తంభము మీ పైయింటివారి బరువును గూడ మోయుచున్నది. తలుపుల మీది యెత్తులో అటుక వంటి పలకను బిగించుకొన్నచో ఏటికొకసారి కావలసిన గంగాళములు, తాంబాళములు దానిపై ఇముడును.

వంటయిల్లు

1926లో జర్మనీ దేశమున ఫ్రాంక్‌ఫర్టు నగరములో శ్రామిక కుటుంబముల కొఱకు కట్టుచున్న చిన్న యిండ్లకు మార్గరెటె షుట్టె-లిహోత్‌స్కీ యను వనిత యొక వంటయింటిని రచించెను. అది ఆఱడుగుల వెడల్పు, సుమారు పదునొకండు అడుగుల పొడవు మాత్రమే. వంట చేయు స్త్రీ వేయు అడుగులను లెక్కించి, ప్రతి వస్తువును చేయి చాచిన యంత దూరమున అమర్చినది. అట్టి వంటయిండ్లు దాదాపు పదివేలు కట్టబడెను. నేటి మాడ్యులర్ కిచెనుకు తల్లివేరు అదియే. అయితే దానిలో ఒక్కరికే చోటున్నదనియు, వంటపని యంతయు ఒంటరి స్త్రీమీదనే పడినదనియు తరువాతివారు ఆక్షేపించిరి. ఆ మెచ్చుకోలును, ఈ యాక్షేపణను రెంటిని మనము గ్రహింపవలెను. అడుగులను తగ్గించుకొనుడు, కాని రెండవ మనిషి నిలుచుటకు చోటు విడువుడు. కూర తఱుగుటకు భర్తగాని, కొడుకుగాని వచ్చి నిలువలేని వంటయిల్లు ఇల్లాలి శ్రమను తగ్గించునదెట్లు?

వంటగట్టు ఎత్తును పనివాని లెక్కకు విడువక, వంట చేయువారి మోచేతికి మూడు నాలుగు అంగుళముల క్రిందుగా నుంచుడు. మన ప్రాంతమున జొన్నరొట్టె చేయువారికి ఇంకను తగ్గు కావలెను. అందుకై ఒక మూల చిన్న గట్టునైనను, నేలపై పీటకు చోటునైనను ఉంచుకొనుడు. గట్టుపైకి బండను దూరమునుండి తెప్పించుకొననక్కఱలేదు. టాన్ బ్రౌన్ అను పేర దేశాంతరములకు పోవు గోధుమవర్ణపు గ్రానైటు కరీంనగరు గుట్టలనుండి వచ్చునదే. తొట్టి క్రింది అరలకు ప్లైవుడ్ వాడినచో దానిపై ఐ.ఎస్. 710 అను గుఱుతున్నదో లేదో మీరే చూడుడు. అది నీటికి ఓర్చు రకము. ఐ.ఎస్. 303 రకములో సాధారణముగా వచ్చునది గాలిలోని తేమకు ఓర్చునే గాని, నిలిచిన నీటికి ఓర్వజాలదు.

అలంకారము

ఇంత చెప్పి అలంకారమే వలదందుమా? అనము. నేల ఖాళీగానున్న గదిలో ఒక్క మంచి వస్తువును పెట్టిన చూపు దానిమీద నిలుచును. అట్టి వస్తువులకు మన ప్రాంతము పుట్టినిల్లు. నిర్మల పట్టణపు పనివారు తేలికయైన పొనికి కఱ్ఱతో చేసి రంగులు వేయు పండ్లు, పక్షులు, బొమ్మలు పిల్లల గదికి ఒప్పును. ఆసిఫాబాదు జిల్లా జైనూరు మండలములోని ఉషేగాములో వోజులు మైనపుతీగలతో రూపమును చుట్టి, మట్టి కప్పి, మైనమును కరగించి, ఆ చోట కంచుగాని యిత్తడిగాని పోసి చేయు నెమళ్లు, దీపములు, గంటలు గలవు. ప్రతి అచ్చును పగులగొట్టి వస్తువును తీయవలసినదే గావున ఒకదానివంటిది మఱియొకటి యుండదు. ఆదిలాబాదు డోక్రా యను పేర దీనికి 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది. సన్నని వెండితీగలను మెలిపెట్టి అల్లు కరీంనగరు ఫిలిగ్రీ పనికి 2007లోనే ఆ గుర్తింపు వచ్చినది. ఆ భరిణెను వంటపొగకు దూరముగా, అద్దము చాటున ఉంచిన త్వరగా నల్లబడదు. ఈ మూటిలో ఒక్కటి చాలును. పండుగకు ఒకటి, వేసవికి ఒకటి మార్చి పెట్టుకొన్నచో గది ఎప్పటికప్పుడు కొత్తదిగా తోచును.

చివరగా ఒక మాట. ఫ్లాటును చూపునప్పుడు ఇది పిల్లల చదువుబల్ల, ఇది వారి ఆఫీసుబల్ల, ఇది దేవుని మూల అని ఇల్లాలు వరుసగా చెప్పును. నీ చోటేది యని యడిగిన నవ్వి వంటయింటిని చూపును. సోదరీ! వెలుతురు గల కిటికీ ప్రక్కన ఒక కుర్చీ, చేతి యెత్తులో ఒక పలక, దానిమీద నీ పుస్తకమో, కుట్టుపనియో. ఇంతటి చోటు నీది కావలెను. ఇంటి పటము గీయించునాడే దానిని గుఱుతు పెట్టించుము. తరువాత మిగిలిన చోట చూతమనుకొన్నచో ఎన్నటికిని మిగులదు.

పైన చెప్పిన సోదరి మొన్న మాకు ఫోను చేసినది. అద్దపు బల్లను ఇచ్చివేసి, సోఫాలో వంగిన భాగమును విడదీయించి తమ్మునియింటికి పంపినదట. గోడమీది చెక్కపనికి పోసిన సొమ్ము మాత్రము మఱల రాదని నిట్టూర్చినది. ఆ ఖాళీలో ఇప్పుడు శత్రంజి పఱచియున్నది. అత్తగారు పంకా క్రింద కూర్చుండి మనుమరాలితో అష్టాచెమ్మ ఆడుచున్నదట. ఈ యేడు బతుకమ్మను ఇంటనే పేర్చెదము, మీరును రావలెనని పిలిచినది. తప్పక పోవుదుము.

వచ్చు మాసమున ఇటువంటి చిన్న యిండ్ల బాల్కనీలలో కుండీలలో పెంచదగిన కూరమొక్కలను గూర్చి ముచ్చటింతుము.